హార్మోనియము – విద్యుద్వాద్యము

గౌతమీ తీరమున, ఆత్రేయపురము మండలములో, వాడపల్లి యను గ్రామము కలదు. అచ్చటి వేంకటేశ్వరస్వామి ఆలయము కోనసీమయందంతటను ప్రసిద్ధము. స్వామి మూర్తి శిలామయము కాదు, రక్తచందన దారుమయము. ఏడు శనివారములు వరుసగా వచ్చి, వచ్చినప్పుడెల్ల ఏడు ప్రదక్షిణములు చేయుట ఇచ్చటి మ్రొక్కు. అందుచేత శనివారమునాడు రావులపాలెము వైపునుండియు, రాజమహేంద్రవరము వైపునుండియు జనులు తెల్లవారకమునుపే బయలుదేరి వచ్చుచుందురు.

ఇట్టి క్షేత్రముల పరిసరములందు భజన సమాజములుండుట వింత కాదు. చేతాళములు, ఒక మృదంగము లేక డోలకు, నడుమ ఒక హార్మోనియము – ఇంతమాత్రము సమకూరినచో భజన సాగును. అయితే ఇటీవలి కాలమున హార్మోనియము ఉండవలసిన చోట నల్లని పలకవంటి విద్యుద్వాద్యము కానవచ్చుట కలదు. దానిని జనులు కీబోర్డు అందురు. దానికి తిత్తి లేదు. ఊదవలసిన పని లేదు. ఒక తీగ గోడకు, మఱియొక తీగ ధ్వనివర్ధకమునకు తగిలించినచో చాలును.

కావున ఒక గ్రామమున భజన సమాజమువారు చందాలు ప్రోగుచేసి ఒక్క వాద్యము కొనదలచినచో, లేదా ఒక గృహస్థు తన కుమార్తెకు సంగీతము చెప్పింపదలచి అంగడికి పోయినచో, ఏది కొనవలెనను సందేహము కలుగుట సహజము. ధనము ఒక్కసారియే వ్యయమగును; వాద్యము మాత్రము ఇరువది ముప్పది యేండ్లు ఇంటనుండవలసినది. తొందరపడి కొని, పిదప అటకమీద పెట్టిన వాద్యములు పెక్కిండ్లలో నున్నవి.

ఇదే సందేహము పాశ్చాత్య దేశములలో పియానోను గూర్చి వినబడుచున్నది. ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరమునందు మెడిచీ ప్రభువుల కొలువులో వాద్యముల సంరక్షకుడుగా నుండిన బార్తొలోమియో క్రిస్టొఫోరి 1700 ప్రాంతమున ఈ వాద్యమును నిర్మించెను. అంతకుముందున్న హార్ప్సికార్డు అను వాద్యములో మెట్టు నొక్కినప్పుడు చిన్న ముక్కు వంటిది తీగను మీటెడిది. ఎంత గట్టిగా నొక్కినను, ఎంత మెల్లగా నొక్కినను ధ్వని ఒక్కటే. క్రిస్టొఫోరి ఆ ముక్కునకు బదులు చిన్న సుత్తిని అమర్చెను. వ్రేలి బలమునుబట్టి సుత్తి తీగను తట్టును. ధ్వని పెరుగును, తరుగును. ఇటాలియను భాషలో 'పియానో' యనగా మెల్లగా అని యర్థము. 'ఫోర్టే' యనగా బిగ్గరగా. ఈ రెండు మాటలు కలిసియే వాద్యమునకు పేరయినవి; తరువాత మొదటిమాట మాత్రము నిలిచినది.

నేటి పియానోకు 88 మెట్లు, ఇంచుమించు 230 ఉక్కుతీగలు ఉండును. ఆ తీగలన్నిటి బిగువును కూడినచో పదునెనిమిది ఇరువది టన్నులగును. ఆ బిగువునకు కొయ్య నిలువజాలదు గనుక 1825లో అమెరికాలోని బోస్టను నగరవాసి ఆల్ఫియస్ బాబ్కాక్ పోత ఇనుప చట్రమును ప్రవేశపెట్టెను. దీనిచేత వాద్యము దృఢమైనది గాని బరువెక్కినది. గోడకు చేర్చి నిలుపు పియానోయే రెండువందల కిలోలకు పైబడి యుండును. తీగల వెనుకనుండు పలుచని కొయ్యపలక గాలిలోని తేమను పీల్చి ఉబ్బును. అప్పుడు తీగల బిగువు మారి శ్రుతి తప్పును. చుట్టును కాలువలు, చెఱువులు, కొబ్బరితోటలు గల కోనసీమలో ఇట్టి వాద్యమును శ్రుతిలో నిలుపుట ఎంత శ్రమయో ఊహింపవచ్చును. తెలుగువారిలో అధికసంఖ్యాకులు పియానోను చలనచిత్రములలోనే చూచిరి. కథానాయకుడు పియానో ముందు కూర్చుండి పాడుచున్నాడనిన, ఆ యిల్లు ధనికులదని ప్రేక్షకులు మఱియొకరు చెప్పకయే గ్రహించెడివారు.

తెలుగు గ్రామములకు వచ్చిన మెట్ల వాద్యము పియానో కాదు, హార్మోనియము. దీని పుట్టిల్లును ఐరోపా ఖండమే. 1840 ప్రాంతమున పారిసు నగరమునందు అలెగ్జాండర్ డెబేన్ దీనిని నిర్మించి హక్కుపత్రము పొందెను. అది బల్లవలె నిలిచియుండి, కాళ్ళతో త్రొక్కి ఊదవలసిన వాద్యము. మన దేశమున సంగీతవిద్వాంసులు నేలపై కూర్చుందురు గదా! 1875 ప్రాంతమున కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దానిని చిన్నదిగాజేసి, తిత్తిని వెనుకకు మార్చి, ఎడమచేత ఊదుచు కుడిచేత వాయించునట్లు చేసెను. బరువు తగ్గినది, వెల తగ్గినది. ఒక మనిషి చంకబెట్టుకొని పడవ నెక్కగల వాద్యమైనది. 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి నాటకములాడిరి. తెలుగునాట ఆధునిక నాటకప్రదర్శనములు ప్రబలిన కాలమదియే. పద్యనాటకము పెరిగినకొలది హార్మోనియము దానితోడనే పెరిగినది. రంగస్థలమున కాలితో త్రొక్కు పెద్దదియు, భజనలో చేతితో ఊదు చిన్నదియు రెండును నిలిచినవి.

హార్మోనియము లోపల జరుగు పని మిక్కిలి సులభము. ప్రతి మెట్టు క్రిందను ఇత్తడి రేకుపై సన్నని చీలిక, ఆ చీలికపై ఒక కొన మాత్రము బిగింపబడిన ఇత్తడి నాలుక ఉండును. దీనిని రీడు అందురు. మెట్టు నొక్కినప్పుడు రంధ్రము తెఱుచుకొని, తిత్తిలోని గాలి ఆ చీలికగుండ పోవును. నాలుక కంపించి స్వరము పుట్టును. పొడుగు నాలుక మంద్రస్వరమును, పొట్టి నాలుక తారస్వరమును ఇచ్చును. నాలుక కొనను కొంచెము గీకినచో స్వరము హెచ్చును. మొదలున గీకినచో తగ్గును. ఈ రహస్యము తెలిసిన పనివాడు ఒక చిన్న ఆకురాయితో వాద్యమును శ్రుతిచేయగలడు. తీగలు లేవు గనుక హార్మోనియము తేమకు పియానో వలె త్వరగా శ్రుతి తప్పదు.

సంగీతజ్ఞుల సంభాషణలో ఈ వాద్యము ఎంతగా కలిసిపోయినదో చెప్పుటకు ఒక్క నిదర్శనము చాలును. ఒకరు 'ఒకటిన్నర శ్రుతి'కి పాడుదురనియు, మఱియొకరు 'అయిదు శ్రుతి'కి పాడుదురనియు వాడుక. ఈ అంకెలు హార్మోనియపు మెట్ల లెక్కయే. తెల్ల మెట్లు ఒకటి, రెండు, మూడు. ఒకటికి రెంటికి నడుమనున్న నల్ల మెట్టు ఒకటిన్నర. హార్మోనియమును నిరసించు విద్వాంసులు సైతము తమ శ్రుతిని చెప్పవలసివచ్చినప్పుడు దాని మెట్లనే లెక్కింతురు.

నిరసించువారు లేకపోలేదు. 1940 మార్చి 1వ తేదీనుండి ఆకాశవాణి హార్మోనియమును తన కేంద్రములనుండి బహిష్కరించెను. 1971లోగాని ఆ నిషేధము సడలలేదు. ఆశ్చర్యమేమనగా, ఈ వాద్యము భారతీయ సంగీతమునకు తగదని ఆ దినములలో గట్టిగా వాదించినవారిలో జాన్ ఫౌల్డ్స్ అను ఆంగ్లేయుడొకడు. ఆతడు ఢిల్లీ ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీతమును నడపినవాడు. రవీంద్రనాథ ఠాకూరునకును ఈ వాద్యముపై ఇష్టము లేదు.

ఆక్షేపణములు రెండు. మొదటిది గమకము. వీణపై తీగను లాగి ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు జాఱవచ్చును, గాత్రమును అట్లే. హార్మోనియమున ఒక మెట్టునకు మఱియొక మెట్టునకు నడుమ ఏమియు లేదు. రెండవది స్వరస్థానము. దీనిని లెక్కతో చూచినగాని తెలియదు. షడ్జమము సెకనుకు 240 కంపనములు కలదనుకొందము. తంబురాను శ్రద్ధగా వినినచో దానిలో తనంత వినబడు అంతర గాంధారము షడ్జమమునకు ఒకటింబావు, అనగా 300 కంపనములు. మెట్ల వాద్యములలో స్థాయిని పండ్రెండు సమభాగములుగా పంచుదురు. ఆ లెక్కను గాంధారము 302.4 కంపనములగును. రెండుమ్ముప్పాతికకైనను చాలని ఈ భేదమే కదా యనిపించును. కాని షడ్జమముతో కలిపి పట్టినప్పుడు వాని ఉపస్వరములు ఒండొంటితో ఒరసికొని సెకనుకు తొమ్మిది పది మారులు వణకును. పంచమమున ఈ దోషము లేదనవచ్చును. 360 ఉండవలసినచోట 359.6 వచ్చును, సామాన్యమైన చెవికి అది పట్టుపడదు.

ఇక విద్యుద్వాద్యము. దీనిలో తీగ లేదు, నాలుక లేదు, గాలి లేదు. ఒక మంచి పియానోను నిశ్శబ్దమైన గదిలోనుంచి, దాని మెట్లను మెల్లగను, మధ్యమముగను, బలముగను వేరువేరుగా నొక్కి, పుట్టిన ధ్వనిని యంత్రముచే గ్రహింతురు. సెకనుకు నలుబదినాలుగు వేలకు పైబడిన పర్యాయములు ధ్వని యెత్తును కొలిచి, ఆ కొలతలను అంకెలుగా మార్చి, గోటియంత పలుకలో నిలువచేయుదురు. వాయించువాడు మెట్టు నొక్కినప్పుడు దాని క్రింది రెండు స్పర్శస్థానములు ఒకదాని తరువాత నొకటి తగులును. ఆ రెంటి నడుమ గడచిన కాలమునుబట్టి మెట్టు ఎంత వేగముగా దిగినదో యంత్రము గ్రహించి, తగిన ధ్వనిని ఎన్నుకొనును. 1983లో వాద్యనిర్మాతలు తమలో తాము చేసికొన్న ఏర్పాటునుబట్టి ఈ వేగమునకు 127 వఱకు అంకెలు కలవు. అంకెలు మరల విద్యుత్తుగా మాఱి ధ్వనివర్ధకమునుండి వెలువడును. అంకె తేమకు ఉబ్బదు, తుప్పు పట్టదు. కనుక ఈ వాద్యము శ్రుతి తప్పదు.

ఇచ్చట ఒక పొరపాటు పెక్కురు చేయుదురు. అంగడిలో కీబోర్డనునదియు, డిజిటల్ పియానో అనునదియు ఒక్కటి కావు. మొదటిదానికి సాధారణముగా 61 మెట్లు. అవి స్ప్రింగుచేత తేలికగా లేచును. రెండవదానికి పియానోవలె 88 మెట్లు. లోపల చిన్న బరువులుండి వ్రేలికి సుత్తి నెత్తిన భారము తెలియును. పియానో నేర్వగోరు బాలిక తేలిక మెట్లపై మూడేండ్లు అభ్యసించినచో, అసలు పియానో ముందు కూర్చున్ననాడు ఆమె వ్రేళ్ళకు బలము చాలదు. ఆమెకు బరువు మెట్ల వాద్యమే కావలెను. రాత్రివేళ అభ్యసించుటకు చెవులకు తగిలించుకొను సాధనము కలదు. ఇంట వృద్ధులున్నను, పసిపిల్లలున్నను నిద్రాభంగము కాదు. తేమదేశములో పియానోను పోషింపజాలని కుటుంబమునకు ఇదియే తగిన మార్గమనుటకు సందేహింప బనిలేదు.

భజనకును పద్యమునకును వచ్చునప్పటికి మాత్రము తీర్పు ఇంత సులభముగా తేలదు. కీబోర్డులోనూ 'హార్మోనియము' అను పేరుతో ఒక ధ్వని యుండును. కన్నులు మూసికొని ఒక్క స్వరము వినినచో నిజమైన హార్మోనియమే యనిపించును. భేదము రెండవ స్వరముతో తెలియును. హార్మోనియమున ధ్వని పెరుగుట తరుగుట కుడిచేతి వ్రేలిలో లేదు. ఎడమచేతి తిత్తిలో నున్నది. వాయించువాడు తిత్తిని మెల్లగా కదపి స్వరమును ఎత్తును, నిలుపును, నడుమ చిన్న ఊపు నిచ్చును. అది మనుష్యుని ఊపిరివంటిది. పద్యనాటకమున నటుడు పద్యము చివర దీర్ఘముగా రాగము తీయును. ఊపిరి తీసికొనుటకు ఆతడు ఆగినప్పుడు హార్మోనిస్టు అదే స్వరమును అదే బలముతో అందుకొని సాగించును. నటుడు మరల అందుకొన్నప్పుడు తిత్తిని సడలించి వెనుకకు తగ్గును. ఎచ్చట ఒకరు మానిరో, ఎచ్చట ఇంకొకరు మొదలిడిరో వినువారికి తెలియదు. కీబోర్డున గట్టిగా నొక్కిన స్వరము గట్టిగానే నిలుచును. దానిని తగ్గింపవలెనన్న కాలితో త్రొక్కు మీట వేరుగా కొనవలెను, దాని నభ్యసింపవలెను. అభ్యసించినవారు సాధింపకపోరు. కాని అట్టి శ్రమ తీసికొనువారు అరుదు.

కీబోర్డునకు గల మేలు గూడ చెప్పవలెను. గమకమునకు దాని ప్రక్కనొక చిన్న చక్రముండును. త్రిప్పినచో స్వరము పైకి క్రిందికి జాఱును. కొన్నిటిలో గాంధారమును 302.4 నుండి 300కు దింపుకొను వీలును కలదు. ఆకాశవాణివారు చెప్పిన రెండు దోషములును దీనిలో కొంతవఱకు తీరినట్లే. మఱియు పాడువారు మాఱినప్పుడు ఒక మీట నొక్కి శ్రుతి మార్చవచ్చును. భజనలో పురుషులు ఒకటి శ్రుతికి పాడి, స్త్రీలు అయిదు శ్రుతికి పాడునప్పుడు హార్మోనియము వాయించువాడు వేరే మెట్లపై రాగమును మరల వెదకికొనవలెను. మెట్ల వరుస ప్రక్కకు జరుగు హార్మోనియములు కలవు గాని వాని వెల యెక్కువ.

ఇంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి. కీబోర్డులో తాళములు సైతము నిలువచేయబడి యుండును. ఒక మీట నొక్కినచో డోలకు, తబలా వానియంతట మ్రోగుచుండును. సమాజమువారు మొదట సంతోషింతురు. రెండు మూడు మాసములలో 'డోలకు వాయించువాని కెందులకు కూలి?' అను మాట పుట్టును. ఆ వాయించువాడు పగలు కొబ్బరితోటలో పనిచేసి, రాత్రి భజనకు వచ్చువాడు కావచ్చును. తండ్రివద్ద నేర్చినవాడు కావచ్చును. యంత్రపు తాళము పాడువాని కొఱకు ఆగదు. భక్తుడొకడు పరవశుడై చరణమును నాలుగుమాఱులు పాడినను, కాలము పెంచినను దానికి పట్టదు. కొన్నాళ్ళకు పాడువారే యంత్రము వెంట పరుగిడుట నేర్తురు. వాద్యము కొనునాడే ఆ తాళపు మీటను ముట్టరాదని సమాజమువారు నిర్ణయించుకొన్నచో మంచిది.

వాతావరణమును, విద్యుత్తును మఱవరాదు. 1996 నవంబరులో వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చినది; స్తంభములు విఱిగి గ్రామములు అనేక దినములు చీకటిలో నుండెను. అట్టి రాత్రులలో హార్మోనియము దీపపు వెలుగున మ్రోగును. చిన్న కీబోర్డులు కొన్ని బ్యాటరీలతో పనిచేయును గాని, బరువు మెట్ల డిజిటల్ పియానోలు చాలవఱకు విద్యుత్తు లేనిచో కొయ్యబల్లలే. వరద వచ్చినప్పుడు రెండును సమానమే. 1986 ఆగస్టు వరదవంటిది ఇంటిలోనికి వచ్చినచో హార్మోనియపు సరేసు విడిపోవును, కీబోర్డు పలకలు తుప్పుపట్టును. చేతితో ఎత్తి అటకపై పెట్టదగిన బరువుండుటయే అప్పటి మేలు.

మరమ్మతు విషయమున హార్మోనియమే మేలు. తేమకు మెట్లు పట్టివేయును. బొద్దింకలు, ఎలుకలు తిత్తి తోలును కొఱుకును. నాలుకలో దుమ్ము చిక్కి స్వరము మూగవోవును. ఇవన్నియు విప్పి చూచినచో కంటికి కనబడు దోషములు. పలుచని కాగితపు ముక్కను నాలుక క్రింద మెల్లగా లాగినంతనే పలికిన వాద్యములు కలవు. కీబోర్డులో దోషము కంటికి కనబడదు. దాని లోపలి రబ్బరు స్పర్శలు అరిగిపోవును. సముద్రపు గాలికి సన్నని లోహపు దారులు తినివేయబడును. ఆ నమూనా నిర్మించుట నిర్మాతలు మానివేసినచో పది పండ్రెండేండ్ల పిదప భాగములు దొరకుట కష్టము. పెట్టెలో తేమను పీల్చు పొట్లములుంచి, గుడ్డ కప్పి, వారమునకు ఒకసారియైనను వాయించుచుండుట మంచిది.

గాత్రము నేర్వగోరు పిల్లల విషయము వేరు. వారికి ఈ రెండును మొదట వలదు. మెట్టు నొక్కి దాని వెంట స్వరము పాడు బాలుడు మెట్టు లేనిచో స్వరమును కనుగొనలేడు. తంబురా ఉన్నచో శ్రేష్ఠము. అది లేనివారికి చిన్న ఎలక్ట్రానిక్ తంబురా కలదు. 1970ల చివర బెంగుళూరున రూపొంది దేశమంతట వ్యాపించినది. అది షడ్జమ పంచమములను మాత్రమే పలికించుచు మిగిలిన స్వరములను పిల్లల చెవికే వదలిపెట్టును.

కాబట్టి పద్యములు పాడు గోష్ఠికి, నాటకసమాజమునకు హార్మోనియము; పాశ్చాత్య సంగీతము నేర్చు విద్యార్థికి బరువు మెట్ల డిజిటల్ పియానో; గాత్రమునకు తంబురా. పలువురు పలు శ్రుతులలో పాడు పెద్ద భజనకు కీబోర్డు తెచ్చికొనవచ్చును, డోలకువాడు ప్రక్కన కూర్చున్నంతకాలము.

కొనునప్పుడు అంగడిలోనే పరీక్షింపవలెను. హార్మోనియమైనచో మొదట తిత్తిని నిండుగ ఊది, ఏ మెట్టును నొక్కక చేయి తీయవలెను. గాలి నిలిచి తిత్తి మెల్లమెల్లగా ముడుచుకొనినచో కొయ్య, తోలు మంచివి. వెంటనే ముడుచుకొనినచో ఎచ్చటనో సందు కలదు. మెట్టు నొక్కకయే స్వరము వినబడినచో మూత సరిగా కూర్చొనలేదని యర్థము. పిదప ప్రతి మెట్టును, నల్లవానితో సహా, మిక్కిలి తక్కువ గాలితో ఒక్కొక్కటిగా పలికింపవలెను. కొద్దిపాటి గాలికి పలుకని నాలుక పిదప పాటలో ఆలస్యముగా పలుకును. కీబోర్డైనచో ఒకే మెట్టును మెల్లగను, గట్టిగను పదిసార్లు నొక్కి, ధ్వనిభేదమును చూడవలెను. అంగడివాడు పెట్టిన పెద్ద ధ్వనివర్ధకమును ఆపించి, వాద్యమునందే యున్నదానితో వినవలెను. కొనువాడు ఒక్కడే పోక, భజనలో పాడువారి నొకరిని వెంట తీసికొనిపోయి, ఆ వాద్యముతో ఒక పద్యము పూర్తిగా పాడించి చూచుట అవసరము. అంగడివారు విసుగుకొన్నను పాడించియే తీరవలెను.